కారు ఒక్కరిది.. జాడలు అందరివీ

ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో తయారైన కారు ఎటు పోయింది, ఎక్కడ ఆగింది, ఎంత వేగంతో నడిచింది.. అన్నీ ఎక్కడో ఓ సర్వర్లో నమోదవుతుంటాయి. అందుకు ‘సరే’ అని నొక్కింది యజమాని ఒక్కరే. ఆ లెక్కలో మాత్రం డ్రైవరు, ఇంటావిడ, కొడుకు, పాత ఓనరు అందరూ ఉన్నారు.

2025 మార్చిలో పెనుకొండ పోలీసులకు ఓ విచిత్రమైన ఫిర్యాదు అందింది. కియా కార్ల ఫ్యాక్టరీకి చెందిన సుమారు 900 ఇంజిన్లు కనిపించడం లేదన్నది దాని సారాంశం. ఒక్క రాత్రిలో పోయినవి కావు, అయిదేళ్లుగా కొన్ని కొన్నిగా పోయాయి. పేపర్లో ఆ వార్త చదివి జిల్లా అంతా ముక్కున వేలేసుకుంది. ఇంజినేమైనా జేబులో వేసుకుపోయే వస్తువా! అయినా అది వస్తువు కాబట్టే, ఆలస్యంగానైనా లెక్క తేలింది. స్టాకు పుస్తకంలో ఉన్నది షెడ్డులో లేదు.

అదే ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చే కార్ల నుంచి రోజూ ఇంకో సరుకు బయటికి వెళ్తోంది. దాన్ని ఎంతమంది ఎన్నిసార్లు తీసుకున్నా మన దగ్గర ఏమీ తగ్గదు. తగ్గదు కాబట్టే పోయినట్టూ తెలియదు. అది మన రాకపోకల లెక్క. ఇది ఒక్క కియా సంగతి కాదు. ఇంటర్నెట్‌తో ముడిపడి నడిచే ప్రతి కంపెనీ కారుకూ వర్తించేదే. మన అనంతపురం నేలలో పుట్టిన కారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

వాన లేని చోట కార్ల పంట

అనంతపురం గురించి పాఠ్యపుస్తకాల్లో తప్పకుండా కనిపించే వాక్యం ఒకటుంది. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ పడేదైనా అదను చూసి పడదు. వేరుశనగకు ఊడలు దిగే వేళ మొహం చాటేసి, కాయ పీకి చేలో ఆరబెట్టాక కుమ్మరిస్తుంది. అలాంటి నేలలో, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ పెడతామంటూ దక్షిణ కొరియా కంపెనీ కియా 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. మరి నీళ్లో? అంటే హంద్రీ-నీవా నీళ్లు, గొల్లపల్లి రిజర్వాయరు ఉన్నాయన్నారు. 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. 2022లో జిల్లాను విడదీశాక ఎర్రమంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, జనం నోట మాత్రం అది అనంతపురం ఫ్యాక్టరీయే.

మొదటి సెల్టోస్ వచ్చిన ఆ ఏడాదికి ఇంకో విశేషం ఉంది. 2019 మేలో హ్యుందాయ్ వెన్యూ, జూన్‌లో ఎంజీ హెక్టర్, ఆగస్టులో మన సెల్టోస్.. నాలుగు నెలల్లో మూడు కార్లు ఇంటర్నెట్‌ను ప్రధాన ఆకర్షణగా చూపించి అమ్ముడయ్యాయి. హెక్టర్ ఒంటి మీదైతే ‘ఇంటర్నెట్ ఇన్‌సైడ్’ అని బిళ్లే అంటించారు. సెల్టోస్‌లో ‘యువో కనెక్ట్’ పేరుతో 37 సదుపాయాలు ఇచ్చారు. మరుసటి ఏడాది అదే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సోనెట్‌లో అవి 57కు చేరాయి. షోరూముల్లో మైలేజీ ఎంత అన్న ప్రశ్న పక్కన, ఫోన్లోంచి ఏసీ ఆన్ అవుతుందా అన్న ప్రశ్న కూడా వచ్చి చేరింది.

డ్యాష్‌బోర్డు వెనక సిమ్

ఇదంతా జరిగేది డ్యాష్‌బోర్డు వెనక, కంటికి కనబడకుండా ఉండే చిన్న పెట్టె వల్ల. దాని పేరు టెలిమాటిక్స్ కంట్రోల్ యూనిట్. జీపీఎస్, మొబైల్ నెట్‌వర్క్ కోసం ఓ ఈ-సిమ్ అందులో ఉంటాయి. ఫోన్లోంచి తీసినట్టు ఆ సిమ్‌ను తీయలేం. మన దేశంలో ఇలాంటి యంత్రాల సిమ్‌లకు 13 అంకెల నంబర్లు విడిగా కేటాయించారు. కారులో ఇంజినుకో చిన్న కంప్యూటరు, బ్రేకులకొకటి, ఎయిర్‌బ్యాగులకొకటి ఉంటాయి. అవన్నీ ఒకే తీగల వల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఈ పెట్టె ఆ మాటలు విని, కావలసినవి పైకి పంపిస్తుంది. తాళం ఎప్పుడు తిరిగింది, ఏ తలుపు తెరుచుకుంది, సీటు బెల్టు పెట్టారా, టైర్లో గాలెంత, బ్రేకు ఎంత గట్టిగా తొక్కారు అన్నవన్నీ దానికి అందే సంగతులే. ఫోన్ కలిపితే కాంటాక్టులు, కాల్ లిస్టు తెర మీదికొస్తాయి. ‘హలో కియా’ అని పిలిస్తే గొంతు కూడా వింటుంది.

దీన్ని భూతంలా చూడనక్కర్లేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద అర్ధరాత్రి బండి బోల్తా పడితే పక్కనున్న గుట్టలు తప్ప పలికేవాళ్లుండరు. ఎయిర్‌బ్యాగు తెరుచుకోగానే కారే కాల్ సెంటరుకు కబురు పంపి, ఉన్న చోటు చెప్పడం ప్రాణాలు నిలిపే పని. దొంగిలించిన బండి జాడ పట్టుకోవడానికీ ఇదే ఆధారం. ట్యాక్సీలు, బస్సుల్లాంటి ప్రయాణికుల వాహనాల్లో జీపీఎస్, ప్యానిక్ బటన్ ఉండాలని కేంద్రమే నిబంధన పెట్టింది. ప్రమాదం జరిగినప్పుడు పోయే కబురుతో ఎవరికీ పేచీ లేదు. ప్రమాదం జరగని మిగతా 364 రోజుల కబుర్లతోనే చిక్కంతా.

దేవనహళ్లి దాకా ఓ ప్రయాణం

అనంతపురంవాళ్లు విమానం ఎక్కాలంటే బెంగళూరు పోవాలి. దేవనహళ్లి విమానాశ్రయం హైదరాబాదు రోడ్డు మీదే కాబట్టి మనకు దగ్గర. అమెరికా నుంచి వచ్చిన కూతుర్ని దింపి రమ్మని, ఓ ఇంటాయన ఆ రోజుకు యాక్టింగ్ డ్రైవర్ని పిలిచాడనుకుందాం. తెల్లవారుజామున బయల్దేరతారు. మరూరు టోల్‌గేటు దాటగానే ఇంటాయన ఫోనుకు ఫాస్టాగ్ మెసేజీ వస్తుంది. అది కట్టిన డబ్బుకు రసీదు, అందరికీ తెలిసిందే. అక్కణ్నుంచి ఎర్రమంచి ఫ్యాక్టరీ పక్కగా, సోమందేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి మీదుగా కారు చెప్పే కబుర్లు మాత్రం రసీదులు కావు.

తిరుగు ప్రయాణంలో డ్రైవరు సోమందేపల్లి దగ్గర టీ కోసం ఆపి, ఏసీ వేసుకునే కాసేపు కునుకు తీశాడు. బండి నిలబడి ఇంజిను తిరుగుతోందని యాప్‌లో హెచ్చరిక మోగింది. ఖాళీ రోడ్డు చూసి కాస్త తొక్కాడు. పెట్టుకున్న వేగం దాటిందని ఇంకోటి. బంధువుల ఇంట్లో సంచి ఇచ్చి వద్దామని హిందూపురం వైపు తిప్పాడు. గీసిన హద్దు దాటిందని మరోటి. ‘జియో ఫెన్స్’, ‘స్పీడ్ అలర్ట్’, ‘ఐడిల్ అలర్ట్’ అని బ్రోషర్లో ముద్దుగా కనిపించే సదుపాయాలు ఇవే. ఇల్లు చేరేసరికి ఇంటాయన గుమ్మంలోనే నిలబడి, “హిందూపురంలో నీకేం పనప్పా?” అంటాడు. డ్రైవరు బిక్కమొహం వేస్తాడు. బండి తనకంటే ముందే ఇంటికొచ్చి చెప్పేసిందని అతనికెవరు చెప్పాలి?

ఇంటాయన అడగడంలో తప్పేముంది, బండి ఆయనది, పెట్రోలు ఆయనది అంటారా? నిజమే. ఇప్పుడు స్టీరింగు ముందు డ్రైవరు కాకుండా ఇంటావిడ ఉందనుకోండి. పుట్టింటికి, స్నేహితురాలి ఇంటికి, లాయరు ఆఫీసుకు, డాక్టరు దగ్గరికి.. ప్రతి మలుపూ భర్త ఫోన్లో కనిపిస్తుంటుంది. విడిపోదామనుకుంటున్న భార్యను కారు యాప్‌తో వెంటాడిన భర్తల కేసులు అమెరికాలో కోర్టుల దాకా వెళ్లాయి. అందుకే కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో, వేధింపులకు గురైనవాళ్లు కోరితే ఎదుటివాళ్ల యాప్‌కు కారుతో సంబంధం తెంచాలని కార్ల కంపెనీలకు చట్టం పెట్టింది. మన ఊళ్లలో కారు అనేది ఒకరు కొని పదిమంది వాడే వస్తువు. తమ్ముడు పెళ్లిచూపులకు తీసుకుపోతాడు, పక్కింటివాళ్లు ఆస్పత్రికి అడుగుతారు, తిరుపతి ప్రయాణానికి బావమరిది తోలుతాడు. నిబంధనలు చూసి ‘సరే’ అన్న వేలు మాత్రం ఒక్కటే. అది వీళ్లెవరిదీ కాదు.

పాత కారు, పాత ఓనరు

అనంతపురానికి పాత కార్లు ఎక్కువగా బెంగళూరు నుంచే వస్తాయి. కర్ణాటక నంబరు పలకతో ఉన్న బండి చుట్టూ తిరుగుతూ కొనేవాళ్లు అడిగేవి కొన్ని ఉన్నాయి. “ఎంత తిరిగిందన్నా? యాక్సిడెంటేమైనా అయ్యిందా? ఎందరి చేతులు మారింది?” టైర్లు తట్టి చూస్తారు, బానెట్ ఎత్తి వాసన చూస్తారు. తెర మీద బ్లూటూత్ జాబితా మాత్రం ఎవరూ తెరిచి చూడరు. చూస్తే అక్కడ పాత ఓనరు ఫోను పేరు, వాళ్లావిడ ఫోను పేరు, నావిగేషన్‌లో ‘హోమ్’ అని గుర్తుపెట్టిన ఇంటి జాగా కనిపించినా ఆశ్చర్యం లేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 2017లో ఐబీఎం భద్రతా పరిశోధకుడు చార్లెస్ హెండర్సన్ తన అనుభవమే బయటపెట్టాడు. కారు అమ్మేసి ఏళ్లు గడిచినా, పాత యాప్‌లోంచి అది ఎక్కడుందో చూడగలుగుతున్నాడు, తలుపు తాళం తీయగలుగుతున్నాడు. డీలరు తాళాలన్నీ తీసుకున్నాడు గానీ, ఫోన్లో ఉన్న తాళం గుర్తుకు రాలేదు. ఆర్సీ మారితే బండి మారినట్టే అని మనం అనుకుంటాం. సర్వర్లో పేరు మారకపోతే బండి సగమే మారినట్టు.

బయట ఏం బయటపడింది?

మొజిల్లా ఫౌండేషన్ 2023 సెప్టెంబరులో 25 కార్ల బ్రాండ్ల గోప్యతా విధానాలు చదివింది. అన్నీ ఫెయిల్. తాము పరిశీలించిన వస్తువులన్నిటిలోకీ కార్లే అధ్వానమంది. 84 శాతం బ్రాండ్లు డేటాను ఇతరులతో పంచుకుంటామని, 76 శాతం అమ్ముకోవచ్చని తమ విధానాల్లోనే రాసుకున్నాయి. కియా అమెరికా విధానంలో ‘లైంగిక జీవితం’ అన్న మాట కూడా కనిపించింది. అలాంటిదేమీ సేకరించలేదని, అక్కడి చట్టంలోని నిర్వచనాన్ని అలాగే పెట్టామని కంపెనీ వివరణ ఇచ్చింది. రాసినవాళ్లే చేయబోమంటున్న పని నిబంధనల్లో ఉందంటే, వాటిని ఎవరూ చదవరన్న ధీమా ఎంతో తెలుస్తోంది.

2024లో భద్రతా పరిశోధకుడు శామ్ కర్రీ, ఆయన సహచరులు అమెరికాలోని కియా డీలర్ల వెబ్ పోర్టల్లో ఓ కన్నం కనిపెట్టారు. నంబరు పలక ఒక్కటి తెలిస్తే చాలు, దాదాపు అరనిమిషంలో ఆ కారు తాళం తీయొచ్చు, స్టార్ట్ చేయొచ్చు, ఎక్కడుందో చూడొచ్చు. యజమాని పేరు, ఫోను, చిరునామా చేతికొస్తాయి. వాళ్లు చెప్పగానే కంపెనీ ఆగస్టుకల్లా సరిచేసింది. దీన్ని దుర్వినియోగం చేసినవాళ్లు లేరని తేలాకే సెప్టెంబరులో వివరాలు బయటపెట్టారు. ఆ పరీక్ష జరిగింది అమెరికా కార్ల మీద. అయినా గమనించాల్సిందొకటుంది. లోపం కారులో లేదు, డీలరు వాడే వెబ్‌సైట్లో ఉంది. కారు ఎంత గట్టిగా తయారైనా, దాని తాళం చెవి ఇంకెవరి కంప్యూటర్లోనో ఉంటే అంతే సంగతులు.

టయోటా సంగతి మరీ చిత్రం. జపాన్‌లో సుమారు 21.5 లక్షల మంది వాహనదారుల వివరాలు, క్లౌడ్ సెట్టింగులో జరిగిన పొరపాటు వల్ల 2013 నుంచి 2023 దాకా బయటివారికి అందేలా ఉండిపోయాయి. వాటిలో బండి ఎప్పుడు ఎక్కడుందన్న వివరాలూ ఉన్నాయి. పదేళ్లు ఎవరూ గమనించలేదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులో సుమారు 8 లక్షల విద్యుత్ కార్ల డేటా అలాగే బయటపడ్డట్టు 2024 డిసెంబరులో జర్మనీ పత్రిక డెర్ ష్పీగెల్ రాసింది.

ఇవి పొరపాట్లు. జనరల్ మోటార్స్ చేసింది వ్యాపారం. డ్రైవింగ్ మెరుగుపరుస్తామంటూ కస్టమర్లను ఓ పథకంలో చేర్చి, వాళ్లు ఎలా నడుపుతున్నారో డేటా వ్యాపారులకు ఇచ్చిందని, అది బీమా కంపెనీలకు చేరిందని 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఓ యజమాని తన రిపోర్టు తెప్పించుకుంటే 258 పేజీలు వచ్చింది. ఆరు నెలల్లో 640 ప్రయాణాలు.. బయల్దేరిన సమయం, ఆగిన సమయం, గట్టిగా తొక్కిన బ్రేకులతో సహా. ప్రీమియం అంతకుముందే పెరిగింది. లొకేషన్‌ను కొన్నిసార్లు 3 సెకన్లకోసారి నమోదు చేశారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చి, అయిదేళ్లపాటు అలాంటి అమ్మకం కుదరదంది. మన బీమా నియంత్రణ సంస్థ కూడా 2022 జులైలో ‘ఎంత నడిపితే అంత’, ‘ఎలా నడిపితే అంత’ తరహా పాలసీలకు అనుమతిచ్చింది. జాగ్రత్తగా నడిపేవాళ్లకు అది లాభమే. కాకపోతే మీ ప్రీమియం లెక్కలో మీ బావమరిది బ్రేకులు కూడా పడతాయి.

సర్కారు కూడా అమ్మింది

ప్రైవేటు కంపెనీలనే అనడం ఎందుకు? వాహనాలు, లైసెన్సుల వివరాలుండే ‘వాహన్’, ‘సారథి’ డేటాబేసులను గంపగుత్తగా ఇచ్చేందుకు కేంద్ర రవాణా శాఖ 2019 మార్చిలో ఓ విధానమే తెచ్చింది. 87 ప్రైవేటు కంపెనీలకు, 32 ప్రభుత్వ సంస్థలకు ఈ డేటా అందుబాటులో ఉంచామని, సుమారు రూ.65 కోట్లు వచ్చాయని మంత్రి నితిన్ గడ్కరీ ఆ జులైలో పార్లమెంటుకు చెప్పారు. గోప్యతపై ఆందోళనలు రావడంతో 2020 జూన్‌లో ఆ విధానాన్ని రద్దు చేశారు. అప్పటికే వెళ్లిన డేటాను వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

చట్టం ఎవరిని చూస్తోంది?

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది. ఆ తర్వాత ఆరేళ్లకు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది పద్దెనిమిది నెలల గడువు తర్వాత, అంటే 2027 మేలో. భద్రత పాటించని కంపెనీకి రూ.250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు.

ఈ చట్టంలో మనకు పనికొచ్చే మంచి మాటలు ఉన్నాయి. సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి. అంటే తెలుగులో అడగొచ్చు. నా డేటా ఏముంది, ఎవరికిచ్చారు అని లెక్క అడగొచ్చు. తుడిచేయమనొచ్చు. పూర్వం మన చేను వివరాలు కరణం దగ్గరి పుస్తకంలో ఉండేవి. చేను మనదే అయినా అందులో ఏం రాశారో ఆయన దయతలిచి చెబితేనే తెలిసేది. 1984లో ఆ వ్యవస్థ పోయి, అడంగల్ నకలు అడిగి తీసుకునే రోజులొచ్చాయి. ఇప్పుడు చేతికొచ్చిన హక్కు కూడా ఆ కోవలోదే.

ఎటొచ్చీ ఇక్కడే మన యాక్టింగ్ డ్రైవరు తగులుతాడు. చట్టం ప్రకారం డేటా ఎవరి గురించిందో హక్కులు వాళ్లవి. యజమానికే అని ఎక్కడా లేదు. కాబట్టి సోమందేపల్లిలో ఆగిన ఆ కునుకు మీద హక్కు డ్రైవరుదే. కానీ అతను ఎవర్ని అడగాలి? కంపెనీ రికార్డులో అతని పేరే లేదు. యజమానిని నిలదీద్దామంటే, సొంత లేదా ఇంటి అవసరాలకు ఒక వ్యక్తి వాడుకునే డేటాకు ఈ చట్టం వర్తించదని మూడో సెక్షనే చెబుతోంది. పోనీ ట్రావెల్స్‌లో జీతగాడైతే? ఉద్యోగ అవసరాలకు, యజమాని నష్టపోకుండా చూసుకోవడానికి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చని ఏడో సెక్షన్ అంటోంది. ఇంట్లో నడిపితే చట్టం బయట, కొలువులో నడిపితే మినహాయింపు లోపల. డేటా లీకైతే బాధితులకు తెలపాలన్న నిబంధన ఉంది గానీ, ఆ కబురు చేరేది రిజిస్టరైన ఫోనుకే. ఇక నేర దర్యాప్తు వస్తే చాలా హక్కులు పక్కకు తప్పుకుంటాయి.

దీనికి మందు లేదా అంటే ఉంది. చైనా 2021 అక్టోబరు నుంచి అమలు చేస్తున్న నియమాలు, డ్రైవరు ఒప్పుకుంటే తప్ప అసలు సేకరణే మొదలు కాకూడదని, వీలైనంత వరకూ డేటా కారులోనే ఉండాలని సూచిస్తున్నాయి. యూరప్‌లో 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన డేటా చట్టం, ఇలాంటి వస్తువులు పుట్టించే డేటాను వాడేవారికి అందుబాటులో ఉంచాలంటోంది. మన నియమాలు పూర్తిగా అమల్లోకి వచ్చేలోగా కార్ల విషయంలో ఒక్క మాట చేర్చినా చాలు. సమ్మతి బండితో కాకుండా ప్రయాణంతో ముడిపడాలి. స్టీరింగు ముందు కూర్చున్నవాళ్లకు తెర మీద తెలుగులో ఒక బొత్తం కనిపించాలి. అది నొక్కితే ప్రమాద సమాచారం తప్ప మిగతా కబుర్లు ఆ ప్రయాణం ముగిసేదాకా ఆగిపోవాలి. ఆ బొత్తం పెట్టడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ మార్పు చాలు.

అమ్మేముందు.. కొన్నాక..

* అమ్మేటప్పుడు: కారు తెరలో ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. బ్లూటూత్ జాబితా, నావిగేషన్ చిరునామాలు చెరిపేయండి. యాప్‌లోంచి కారును తొలగించాకే తాళాలు ఇవ్వండి. ఫోన్లోంచి యాప్ తీసేసినంత మాత్రాన ఖాతా పోదు.
* పాతది కొనేటప్పుడు: ఆర్సీ బదిలీతోపాటు కనెక్టెడ్ ఖాతా కూడా మీ పేరుకు మారిందో లేదో సర్వీస్ సెంటర్లో రాతపూర్వకంగా అడగండి.
* కొత్తది కొనేటప్పుడు: కాంటాక్టులు, మెసేజీలకు అనుమతి అడిగితే వద్దనొచ్చు. పాటలు, కాల్స్ బ్లూటూత్‌తోనే నడుస్తాయి.
* బీమా పాలసీలో ‘డ్రైవింగ్ తీరు’ ఆధారంగా తగ్గింపు అంటే, డేటా ఎవరికి పోతుందో, ఎన్నాళ్లు ఉంచుతారో సంతకానికి ముందే తెలుసుకోండి.
* ఇంట్లో ఇంకొకరు నడుపుతుంటే వాళ్లకు చెప్పండి. డ్రైవరుకు తాళంతోపాటు ఈ సంగతీ ఇవ్వండి.

చివరి సూచనకు ఏ సెక్షనూ, ఏ నోటిఫికేషనూ అక్కర్లేదు. 2027 మే దాకా ఆగాల్సిన పని కూడా లేదు. “అన్నా, ఈ బండి ఎక్కడుందో నా ఫోన్లో కనిపిస్తుంది” అని తాళం ఇస్తూ చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ మాట విన్న డ్రైవరు హిందూపురం పోవాల్సి వస్తే ముందే ఫోన్ చేసి అడుగుతాడు. ఇంటాయన కూడా బహుశా, పోయిరా అనే అంటాడు. చట్టం ఇంకా ఇవ్వని మర్యాద అది. కంపెనీలను అడగబోయేదీ అదే కాబట్టి, ముందు మన ఇంట్లో మొదలుపెట్టడం న్యాయం.